బండి చైను ఇంటి దగ్గరే సరిచేసుకున్నాను: నా అనుభవం

వైరా రోడ్డు మీద ఒక స్పీడ్ బ్రేకర్ దిగుతుంటే మొదటిసారి విన్నాను. ఎడమ కాలి దగ్గర "టప్"మని ఒక్క దెబ్బ. రాయేదో ఎగిరి తగిలిందనుకున్నాను. తర్వాతి బ్రేకర్ దగ్గర మళ్ళీ అదే. సాయంత్రం తిరిగొచ్చేటప్పటికి ఇంకోటి తోడైంది. యాక్సిలరేటర్ వదిలి మళ్ళీ పట్టుకున్నప్పుడల్లా బండి చిన్న కుదుపు ఇచ్చి అప్పుడు కదులుతోంది. ఇంటికొచ్చి సెంటర్ స్టాండ్ వేసి వంగి చూస్తే కింది వరస చైను ఉయ్యాల తాడులా వేలాడుతోంది. చైను కవరు లోపలి అంచున రంగు లేచిపోయి ఇనుము మెరుస్తోంది.

మేముండేది ఖమ్మంలో. వైరా అవతల ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. రానూపోనూ రోజుకి 58 కిలోమీటర్లు. వానాకాలం నల్లరేగడి బురద, ఎండాకాలం గ్రానైట్ లారీలు లేపే దుమ్ము. రెండూ చివరికి చేరేది చైను మీదికే. 150 సీసీ బండి, వెనక డ్రమ్ము బ్రేకు, చైను సగం కవరు లోపల, సగం బయట. అప్పటికి 41 వేల కిలోమీటర్లు తిరిగింది.

చైను టైట్ చేయించడం మెకానిక్‌కి పది నిమిషాల పని. యాభయ్యో వందో ఇస్తే అయిపోతుంది. నేనూ ఏళ్ళ తరబడి అలాగే చేయించుకున్నాను. ఈసారి పానాలు పట్టుకుని నేనే కూర్చోవాలనుకోవడానికి రెండేళ్ళ కిందటి సంగతి కారణం. అప్పుడు జనరల్ సర్వీసింగ్‌కి ఒక చోట ఇచ్చాను. బండి తీసుకునేటప్పుడు అక్కడి కుర్రాడు చైను మీద వేలితో కొట్టి చూపించి, "గట్టిగా లాగి కట్టాను సార్, ఆరు నెలలు చూడక్కర్లేదు" అన్నాడు. సంతోషంగా తెచ్చుకున్నాను. మూడు వారాలు తిరక్కుండానే వెనక చక్రం దగ్గర సన్నటి రొద మొదలైంది. వేగం పెరిగేకొద్దీ అదీ పెరిగేది.

మా వీధి చివర మెకానిక్ అన్న చక్రం ఊడదీసి, చైను తగులుకుని తిరిగే పళ్ళ చక్రం, అదే స్ప్రాకెట్, కూర్చునే హబ్బులోంచి బేరింగు తీసి నా అరచేతిలో పెట్టాడు. "వేలు పెట్టి తిప్పి చూడండి సార్" అన్నాడు. తిప్పాను. వెన్నలా తిరగాల్సింది, లోపల ఇసుక పోసినట్టు గరగరలాడింది. ఒకచోటికి రాగానే పట్టేసి ఆగింది. బలవంతంగా దాటించాను. మళ్ళీ అక్కడికే వచ్చి ఆగింది. "చైను ఇట్ల గుంజి కడితే బేరింగు ఎట్ల ఆగుద్ది సార్? చైనుకి ఊపిరి ఆడాల" అన్నాడు. ఆ మాట అప్పుడు నాకు సగమే అర్థమైంది. మిగతా సగం ఈసారి నేల మీద కూర్చుంటేగానీ బోధపడలేదు.

ముందు సామాన్లు చూసుకున్నాను. వెనక ఇరుసు నట్టు సైజు ఒక్కో బండికి ఒక్కోలా ఉంటుంది, మా దానికి 24 నంబరు పట్టింది. బండితో వచ్చే కిట్‌లోని రేకు పానాతో ఆ నట్టు జోలికి వెళ్ళొద్దని నా సలహా. మూలలు అరిగిపోతే ఆ తర్వాత ఎవరికీ ఊడదు. మంచి రింగు పానా ఒకటి కొన్నాను. ఇరుసుని వెనక్కి జరిపి చైను బిగించే బోల్టులే అడ్జస్టర్లు, వాటికి 10, 12 పానాలు ఇంట్లోనే ఉన్నాయి. ఇంకా ఒక స్టీలు స్కేలు, దారం, పాత టూత్‌బ్రష్షు, గుడ్డపేలికలు, అర లీటరు డీజిలు, ఒక డబ్బా 90 నంబరు గేర్ ఆయిలు. ఇదివరకు ఇలాంటి పనులకి రేషన్ కిరోసిన్ వాడేవాళ్ళం. అది ఇప్పుడు దొరకడం లేదు కాబట్టి డీజిలు.

ఆదివారం పొద్దున్నే ఎండ రాకముందే వాకిట్లో కూర్చున్నాను. ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి తను కూడా వస్తానంది. "నువ్వు స్కేలు పట్టుకో తల్లీ, చైను దగ్గరికి మాత్రం చెయ్యి పోనివ్వకు" అని చెప్పి పక్కన కూర్చోబెట్టుకున్నాను.

ఆ మాట ఊరికే అనలేదు. మా బళ్ళో పదో తరగతి చదివి వెళ్ళిన ఒక అబ్బాయికి కుడిచేతి చూపుడువేలు సగమే ఉంటుంది. సెంటర్ స్టాండ్ వేసి, ఇంజన్ స్టార్ట్ చేసి, మొదటి గేరులో చక్రం దానంతటది తిరుగుతుంటే గుడ్డతో చైను తుడవబోయాడు. గుడ్డ చైనుకీ స్ప్రాకెట్‌కీ మధ్య పడింది, గుడ్డతోపాటు వేలూ వెళ్ళింది. పని తొందరగా అవుతుందని చాలామంది ఇలాగే చేస్తారు, షెడ్లలో కూడా చూశాను. దయచేసి చేయకండి. ఇంజన్ ఆపి, తాళంచెవి తీసి జేబులో వేసుకుని, బండిని న్యూట్రల్‌లో పెట్టి, చక్రాన్ని చేత్తో కొంచెం కొంచెంగా తిప్పుకుంటూ తుడవండి. ఓ పావుగంట ఎక్కువ పడుతుంది, అంతే.

డీజిల్లో ముంచిన టూత్‌బ్రష్షుతో చైను రుద్దుతుంటే నల్లటి ముద్ద ఊడి వచ్చింది. వేళ్ళ మధ్య నలిపి చూస్తే గరుకుగా ఉంది. గ్రీజులో రాతి దుమ్ము కలిసి సాన పట్టే మందులా తయారైంది. అది అక్కడుండి రోజుకి 58 కిలోమీటర్లు చైనుని అరగదీస్తోందన్నమాట. మా చైను మామూలు రకం. కొన్ని చైన్లలో లింకుల మధ్య సన్నటి రబ్బరు రింగులుంటాయి. అలాంటివాటికి పెట్రోలు, ఇనప బ్రష్షు తగలనివ్వకూడదు. ఆ రింగు పాడైతే లోపలి గ్రీజు పోతుంది, దాంతో చైను కూడా.

తుడిచాక కొలత. వెనక చక్రాన్ని పట్టుకుని ఉండే ఇనప చేయి, అదే స్వింగ్ ఆర్మ్, దాని మీద అంటించిన స్టిక్కర్‌లో మా బండికి 25 నుంచి 35 మిల్లీమీటర్లు అని ఉంది. మీ బండికి వేరే అంకె ఉండొచ్చు, బండితో ఇచ్చిన పుస్తకంలో చూసుకోవాలి. సెంటర్ స్టాండ్ మీద కొలవాలా, సైడ్ స్టాండ్ మీదా అన్నది కూడా అందులోనే ఉంటుంది. రెండు స్ప్రాకెట్ల నడిమధ్య, కింది వరస చైనుని వేలితో కిందికి లాగి ఒక కొలత, పైకి నొక్కి ఒక కొలత. ఆ రెండింటి తేడాయే ఊపు. అమ్మాయి స్కేలు నిలబెట్టి చదివింది. "నాన్నా, 65." ఇక్కడ ఆగిపోతే పొరపాటు జరిగేది. చక్రాన్ని పావు చుట్టు తిప్పి మళ్ళీ కొలిచాం, 60. ఇంకాస్త తిప్పితే 55. మళ్ళీ 62. చైను అంతటా ఒక్కలా అరగదు. ఒకచోట వదులుగా, ఒకచోట బిగుతుగా ఉంటుంది. సరిచేయాల్సింది బాగా బిగుతుగా ఉన్నచోట చూసుకుని. వదులుగా ఉన్నచోట 30 పెట్టుకుంటే, బిగుతు చోటు వచ్చినప్పుడల్లా చైను పట్టేస్తుంది. 55 వచ్చిన చోట చైను లింకు మీద సుద్దముక్కతో గీత పెట్టాం.

"ఇనుము ఎలా సాగుతుంది నాన్నా?" అని అడిగింది. మంచి ప్రశ్న. చైను సాగిందని అందరం అంటాం గానీ రేకులు సాగవు. ప్రతి లింకులో ఒక పిన్ను, దాని చుట్టూ ఒక బుష్షు ఉంటాయి. ఆ రెండూ ఒరుసుకుని అరుగుతాయి. 120 లింకుల చైనులో ఒక్కో కీలు దగ్గర మిల్లీమీటరులో నూరో వంతు, అంటే వెంట్రుక మందంలో చిన్న భాగం అరిగిందనుకోండి. చైను మొత్తానికి 1.2 మిల్లీమీటర్ల పొడవు పెరుగుతుంది. చైను అసలు మార్చాల్సిన దశకి వచ్చిందా అన్నదీ ఇక్కడే తేలుతుంది. మాది 428 రకం, పిన్నుకీ పిన్నుకీ మధ్య 12.7 మిల్లీమీటర్లు. కొత్తదానిలో 20 లింకులు సరిగ్గా 254 మిల్లీమీటర్లు ఉండాలి. చైనుని లాగిపట్టి కొలిస్తే 256కి కొంచెం తక్కువ వచ్చింది. ఒక శాతం కూడా పెరగలేదు. వెనక స్ప్రాకెట్ చివర చైనుని వేలితో వెనక్కి లాగి చూశాను, పళ్ళ మీంచి పెద్దగా లేవలేదు. పన్ను సగం బయటపడేలా లేస్తే ఇక బిగించి లాభం లేదు, చైను, రెండు స్ప్రాకెట్లు కలిపి సెట్టుగా మార్చాల్సిందే. అరిగిన స్ప్రాకెట్ మీద కొత్త చైను వేసుకోవడం కూడా డబ్బు దండగ.

ఇక బిగింపు. ఇరుసు నట్టు వదులు చేసి, అడ్జస్టర్ల లాక్ నట్లు వెనక్కి తిప్పి, రెండువైపులా సమానంగా తిప్పడం మొదలుపెట్టాను. కుడివైపు గుర్తు కదిలింది. ఎడమవైపు కదల్లేదు. ఇంకొంచెం తిప్పితే నట్టు బరువెక్కింది గానీ ఇరుసు మాత్రం అక్కడే ఉంది. బలం వాడకుండా అక్కడే ఆగి మెకానిక్ అన్నకి ఫోన్ చేశాను. "ఎడమ పక్క చైను దగ్గర ఇంకో పెద్ద నట్టు ఉంటది చూడండి సార్. స్లీవ్ నట్టు. అది వదులు చెయ్యకపోతే ఆ పక్క రాదు" అన్నాడు. చూస్తే నిజమే, ఇరుసు నట్టు వెనకాల మసిలో కలిసిపోయి ఉంది. అన్ని బళ్ళకీ ఉండదుగానీ, హబ్బు, స్ప్రాకెట్ వేరువేరుగా ఉండే చాలా బళ్ళకి ఉంటుంది. దాన్ని వదులు చేయగానే ఎడమవైపు కూడా జరిగింది. పట్టుబట్టి తిప్పి ఉంటే అడ్జస్టర్ బోల్టు మర పోయేది.

55 నుంచి 30కి రావాలి కదా, 25 మిల్లీమీటర్లు తగ్గించాలంటే చాలా చుట్లు పడతాయని నా అంచనా. ఒక చుట్టు పూర్తిగా తిప్పి, ఇంకో కొంచెం తిప్పి, చైను ముట్టుకున్నాను. పది మిల్లీమీటర్లు కూడా ఊగడం లేదు. "ఇప్పుడు బాగుంది కదా నాన్నా, గట్టిగా ఉంది" అంది అమ్మాయి. రెండేళ్ళ కిందట నాకూ అలాగే అనిపించింది. తనకి చూపించాలని స్టాండ్ తీసి నేను బండి మీద కూర్చుని, మా ఆవిణ్ణి వెనక కూర్చోమన్నాను. "ఇప్పుడు వేలితో నొక్కు తల్లీ." నొక్కింది. "కదలట్లేదు నాన్నా. వీణ తీగలా ఉంది."

అదీ సంగతి. మనిషి ఎక్కగానే వెనక సస్పెన్షన్ దిగుతుంది. దిగుతూ దిగుతూ గేర్‌బాక్స్ దగ్గరి చిన్న స్ప్రాకెట్, స్వింగ్ ఆర్మ్ కీలు, వెనక ఇరుసు మూడూ ఒకే గీత మీదికి వచ్చేసరికి రెండు స్ప్రాకెట్ల మధ్య దూరం అన్నిటికన్నా ఎక్కువవుతుంది. ఆ స్థితిలో కూడా చైనుకి కాస్త వెసులుబాటు మిగలాలి. మిగలకపోతే గుంతలో పడ్డ ప్రతిసారీ ఆ లాగుడంతా ఒకవైపు వెనక హబ్బు బేరింగు మీద, ఇంకోవైపు గేర్‌బాక్స్ షాఫ్టు బేరింగు మీద పడుతుంది. అన్న చెప్పిన ఊపిరి ఇదే. రెండేళ్ళ కిందట నా అరచేతిలో గరగరలాడింది ఇందుకే.

కానీ ఒక్క చుట్టుకే ఇంత బిగుతు ఎలా వచ్చిందో నాకు అంతు పట్టలేదు. లెక్కల మాస్టారిని, వదిలిపెట్టలేను. కాగితం తెప్పించి అక్కడే వాకిట్లో లెక్క వేశాం. రెండు స్ప్రాకెట్ల మధ్య సుమారు 550 మిల్లీమీటర్లు, అందులో సగం 275. ఊపు 55 అంటే మధ్యలోంచి అటు 27.5, ఇటు 27.5. పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం కర్ణం 276.37. రెండు సగాలకీ కలిపి అదనపు పొడవు 2.74 మిల్లీమీటర్లు. పై వరస, కింది వరస రెండింటికీ పంచితే ఇరుసు 1.37 జరిగితే చాలు, చైను పూర్తిగా తీగలా బిగుసుకుంటుంది. ఊపు 30కి అదే లెక్క వేస్తే 0.41 వచ్చింది. తేడా 0.96. అంటే 55 నుంచి 30కి రావడానికి ఇరుసు వెనక్కి జరగాల్సింది ఒక్క మిల్లీమీటరు! మా అడ్జస్టర్ బోల్టు 8 మిల్లీమీటర్లది, ఆ సైజు మామూలు మరకి ఒక చుట్టుకి 1.25 మిల్లీమీటర్లు. కావాల్సింది ముప్పావు చుట్టు. నేను తిప్పింది చుట్టుకి పైనే. ఇన్నేళ్ళుగా పిల్లలకి నిచ్చెన, గోడ బొమ్మ గీసి చెప్పిన సిద్ధాంతం మా బండి కిందే ఉంది. మర్నాడు క్లాసులో ఇదే లెక్క చేయించాను.

బిగించినదాన్ని వదులు చేయాలంటే అడ్జస్టర్లు వెనక్కి తిప్పితే సరిపోదు, ఇరుసు దానంతటది ముందుకి రాదు. వాటిని ఒకటిన్నర చుట్టు వదిలి, చక్రం వెనక నుంచి కాలితో ముందుకి తోసి, మళ్ళీ మొదటినుంచి పావు చుట్టు, పావు చుట్టుగా వచ్చాను. ప్రతిసారీ రెండువైపులా, ప్రతిసారీ కొలత. సుద్ద గీత దగ్గర 32కి వచ్చాక ఆపాను.

చక్రం వంకర లేకుండా ఉండాలి. స్వింగ్ ఆర్మ్ మీద గీతలుంటాయి, రెండువైపులా ఒకే గీత దగ్గర ఉండాలంటారు. మా దానిమీద ఆ గీతలు బురదా తుప్పూ పట్టి సరిగ్గా కనిపించడం లేదు, పైగా నాకు వాటిమీద అంత నమ్మకం లేదు. స్వింగ్ ఆర్మ్ కీలు బోల్టు మధ్య నుంచి ఇరుసు మధ్య దాకా కుడివైపు దారం పట్టి ముడి వేశాను. అదే దారం ఎడమవైపు పెడితే ముడి ఇరుసు మధ్యకి సరిగ్గా రావాలి. ఒక నూలు పోగంత తేడా ఉంది, ఎడమవైపు కాస్త తిప్పి సరిచేశాను. తర్వాత వెనక నుంచి ఒక కన్ను మూసి చైను వెంట చూశాను, స్ప్రాకెట్ మీదినుంచి తిన్నగా ముందుకి వెళుతోంది. స్ప్రాకెట్ పళ్ళు ఒకవైపే మెరుస్తుంటే చక్రం వంకరగా ఉందని గుర్తు.

ఇరుసు నట్టు బిగించేటప్పుడు ఇంకో తిరకాసు ఉంది. బిగిస్తుంటే ఇరుసు ఇంకాస్త వెనక్కి జరగొచ్చు. అందుకని గుడ్డపేలిక మడిచి కింది చైనుకీ వెనక స్ప్రాకెట్‌కీ మధ్య పెట్టి, చెయ్యి తీసేసి, టైరు పట్టుకుని చక్రాన్ని కొంచెం తిప్పాను. గుడ్డ ఇరుక్కుని చైను బిగుసుకుంటుంది, ఇరుసు అడ్జస్టర్లకి ఆనుకుని నిలబడుతుంది. ఆ పట్టులోనే స్లీవ్ నట్టు, ఇరుసు నట్టు బిగించాను. గుడ్డ తీసి మళ్ళీ కొలిస్తే 30. లాక్ నట్లు కూడా బిగించి, చక్రం చేత్తో తిప్పి చూసి, పని అయిందనుకున్నాను.

కాలేదు. సోమవారం బడికి వెళుతుంటే బండి బరువుగా లాగుతోంది. న్యూట్రల్ వేసి వదిలితే ఎప్పుడూ సాఫీగా జారే బండి తొందరగా ఆగిపోతోంది. వైరా చేరేలోపే కాలిన వాసన. పక్కకి ఆపి వెనక డ్రమ్ము దగ్గర చెయ్యి పెడితే సెగ కొడుతోంది. చక్రం వెనక్కి జరిగితే దాంతోపాటు బ్రేకు ప్లేటూ జరుగుతుంది, బ్రేకు రాడ్డు లాగుకుంటుంది. అంతకు వారం ముందే బ్రేకు బిగించుకున్నాను, పెడల్‌కి ఆట చాలా తక్కువ ఉంది. ఆ మిగిలిన కాస్తనీ నేను జరిపిన ఒక్క మిల్లీమీటరు తినేసింది. స్టాండ్ మీద తిరిగిన చక్రం, నేను ఎక్కి బరువు పడేసరికి బ్రేకు లైనర్లకి రాసుకుంటోంది. చల్లారేదాకా పదిహేను నిమిషాలు చెట్టు కింద నిలబడ్డాను. నీళ్ళు పోయలేదు, కాలుతున్న డ్రమ్ము మీద పోయకూడదు. తర్వాత రాడ్డు చివరి నట్టు చేత్తోనే రెండు చుట్లు వదిలాను. ఆ నట్టుకి ఒక పక్క గుండ్రటి గాడి ఉంటుంది, అది పిన్ను మీద సరిగ్గా కూర్చోవాలి. పెడల్ 25 మిల్లీమీటర్లు దిగాక బ్రేకు పట్టేలా పెట్టుకుని బయల్దేరాను. ఘాట్ రోడ్డు దిగుతూ ఉండి ఉంటే ఏమయ్యేదోనని తలుచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది. చైను ముట్టుకున్న ప్రతిసారీ బ్రేకు ఆట చూడాల్సిందే.

ఆ సాయంత్రం ఇంటికి రాగానే, చైను వెచ్చగా ఉండగానే, గేర్ ఆయిలు రాశాను. కింది వరసకి లోపలివైపు, చక్రం తిప్పుతూ, లింకు లింకుకీ ఒక్కో చుక్క. చైను తిరిగేటప్పుడు ఆయిలు బయటికి విసురుతుంది కాబట్టి లోపలివైపు రాస్తేనే కీళ్ళలోకి దిగుతుంది. అరగంట ఆగి పైన మిగిలిందంతా పొడిగుడ్డతో తుడిచేశాను. పైన తడిగా ఉంటే దుమ్ము పట్టేది ఆ తడికే.

బండి పుస్తకం వెనక అట్ట మీద మా అమ్మాయి తేదీ, మీటరు అంకె, "బిగుతు చోట 30" అని రాసి పెట్టింది. ఆ తర్వాత 500 కిలోమీటర్లకోసారి చూస్తున్నాం, వానల్లో అయితే వారం వారం. మొన్న ఆదివారం కొలిచినప్పుడు 34 ఉంది. "బిగించాలా నాన్నా?" అంది పానా అందిస్తూ. వద్దని చెప్పి, ఆయిలు మాత్రం రాసి, అంకె వేయించి లేచాను.